హెక్స్ ఉంది, సోర్సు లేదు: డిస్‌అసెంబ్లర్ ఎంతవరకు ఆదుకుంటుంది?

సంక్షిప్తంగా: మైక్రోకంట్రోలర్ (బోర్డును నడిపే చిన్న కంప్యూటర్ చిప్) లోకి ఎక్కించే ప్రోగ్రాం ఫైలే హెక్స్. దాన్ని డిస్‌అసెంబ్లర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అసెంబ్లీ కోడ్, అంటే చిప్ పాటించే ఆజ్ఞల పేర్ల జాబితా, వస్తుంది. ఆ కోడ్ నమ్మదగిందో కాదో మూడు విషయాల మీద ఆధారపడుతుంది: చిప్ ఏదో తెలియడం, చదవడం సరైన చోట మొదలుపెట్టడం, కోడ్ మధ్యలో ఉన్న డేటాను గుర్తించడం. అసలు సోర్సులోని, అంటే మనిషి రాసిన ప్రోగ్రాంలోని, పేర్లు, కామెంట్లు తిరిగి రావు. వాటి లోటు తీర్చేది బోర్డే. ప్రోగ్రాంను బయటికి చదవనీయకుండా లాక్ చేసిన చిప్ దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు.

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం లాంటి ఊళ్లలో ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే తెలుగువాళ్లకు, డిప్లొమా చదివే పిల్లలకు ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. వంశధార గట్టున నీళ్లు తోడే మోటారుకు పెట్టిన ఆటోమేటిక్ స్టార్టర్ బోర్డు మొరాయిస్తుంది. దాన్ని తయారుచేసిన చిన్న యూనిట్ మూతపడి ఉంటుంది, లేదా ప్రోగ్రాం రాసినవాళ్లు విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోయి ఉంటారు. మిగిలింది ఒక పెన్‌డ్రైవ్, అందులో ఒక హెక్స్ ఫైలు. కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ఇదే కథ. సీనియర్ల నుంచి హెక్స్ చేతికొస్తుంది, సోర్సు రాదు.

హెక్స్ ఉంటే చాలు, సాఫ్ట్‌వేర్‌లో వేయగానే ప్రోగ్రాం మొత్తం బయటికొస్తుందని కొందరు నమ్ముతారు. అది అసలు అయ్యే పనే కాదని ఇంకొందరు అంటారు. రెండూ సగం సగం నిజాలే. ఒడియా అక్షరాలు మాత్రమే వచ్చిన తెలుగువాళ్లు బజారులో ఒడియా బోర్డును కూడబలుక్కుని చదివేస్తారు. ఒక్క అక్షరం కూడా తప్పు పోదు. అయినా ఆ మాటకు అర్థం, బోర్డు ఏ కొట్టు మీద వేలాడుతోందో చూశాకే తెలుస్తుంది. డిస్‌అసెంబ్లర్ చదువు కూడా అలాంటిదే.

హెక్స్ ఫైలు లోపల ఏముంటుంది?

ఎక్కువగా వాడేది ఇంటెల్ హెక్స్ అనే పద్ధతి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపించే మామూలు టెక్స్ట్ ఫైలు అది. అందులో రహస్య సంకేతం ఏమీ లేదు. చిప్ మెమరీలో ఏ అడ్రసులో ఏ బైటు కూర్చోవాలో చెప్పే పట్టిక మాత్రమే. అంకెలు పదహారు ఆధారంగా ఉంటాయి కాబట్టి 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వస్తాయి. 8051 అనే మైక్రోకంట్రోలర్ చిప్ కోసం తయారైన ఫైలులో మొదటి వరుస ఇలా ఉందనుకుందాం:

:0300000002008378

కోలన్ తర్వాత ఉన్న 03 ఈ వరుసలో మూడు డేటా బైట్లు ఉన్నాయని చెబుతుంది. తర్వాతి 0000 అడ్రసు. ఆ తర్వాతి 00 అంటే ఇది డేటా వరుస. 02 00 83 అసలు సరుకు. చివరి 78 చెక్‌సమ్, అంటే వరుస చెడిపోలేదని సరిచూసుకునే అంకె. దీని లెక్క తేలికే. చెక్‌సమ్‌తో సహా వరుసలోని బైట్లన్నీ కూడితే చివరి రెండు అంకెలు 00 రావాలి. 03, 02, 83 కూడితే హెక్స్‌లో 88 వస్తుంది, దానికి 78 కలిపితే 100. సరిపోయింది.

8051లో 02 అంటే ‘ఎల్‌జంప్’ (ఫలానా అడ్రసుకు దూకు), దాని వెనక వచ్చే రెండు బైట్లు వెళ్లాల్సిన అడ్రసు. అంటే కరెంటు రాగానే చిప్ నేరుగా 0083కు వెళ్లి అక్కడ పని మొదలుపెడుతుంది. డిస్‌అసెంబ్లర్ చేసే పని ఇంతే. తయారీదారు ఇచ్చిన పట్టిక ముందు పెట్టుకుని, ఒక్కో బైటుకు ఎదురుగా ఇన్‌స్ట్రక్షన్ (చిప్‌కు ఇచ్చే ఆజ్ఞ) పేరు రాసుకుంటూ పోతుంది. చిన్న ప్రోగ్రాం అయితే కాగితం, పెన్నుతో కూడా చేయొచ్చు. నేర్చుకునేవాళ్లు కనీసం పది వరుసలైనా అలా చేసి చూడటం మంచిది. తర్వాత సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుదోవ పట్టిందో కంటికి ఆనుతుంది.

ఈ పట్టికలో లేని ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇది ఏ చిప్ కోసం తయారైందో ఫైలులో ఎక్కడా రాసి ఉండదు.

చిప్ పేరు తెలియకపోతే

ఒకే బైట్లకు 8051లో ఒక అర్థం, పిక్ అనే చిప్‌ల కుటుంబంలో ఇంకో అర్థం, ఏవీఆర్ అనే కుటుంబంలో మరో అర్థం. బోర్డు చేతిలో ఉంటే చిప్ మీద అచ్చయిన నంబరు చూస్తే సరిపోతుంది. ఫైలు మాత్రమే ఉంటే మొదటి వరుసల్లో ఆనవాళ్లు వెతకాలి.

8051 అయితే 0000 దగ్గర తరచుగా 02 కనిపిస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, 0003 దగ్గర, ఇంటరప్టుల (చేస్తున్న పని ఆపి వేరే పనికి పిలిచే సంకేతాల) వరుస మొదలవుతుంది, ప్రోగ్రాం దాన్ని దాటి దూకాలి కదా. పిక్16 కుటుంబంలో ఇన్‌స్ట్రక్షన్ వెడల్పు 14 బిట్లు. దాన్ని రెండు బైట్లలో సర్దుతారు కాబట్టి ప్రతి జతలో రెండో బైటు 3ఎఫ్ దాటదు. అడ్రసులు కూడా రెట్టింపుగా కనిపిస్తాయి. డేటాషీటులో (తయారీదారు ఇచ్చే చిప్ వివరాల పత్రంలో) 2007 అని ఉన్న కాన్ఫిగరేషన్ పదం, అంటే చిప్ సెట్టింగుల విలువ, హెక్స్ ఫైలులో 400ఈ దగ్గర ఉంటుంది. ఈ రెట్టింపు సంగతి తెలియక ఫైలు తప్పని పారేసేవాళ్లు ఉంటారు. ఆర్డ్యునో ఊనోలో వాడే ఏటీమెగా328పీ లాంటి ఏవీఆర్ చిప్‌లలో మొదట్లో 0సీ 94 అనే జత మళ్లీ మళ్లీ వస్తుంది. అది ‘జంప్’, ఒక్కో ఇంటరప్టుకు ఒకటి.

ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్‌ల తీరు వేరు. అక్కడ మొదటి నాలుగు బైట్లు ఇన్‌స్ట్రక్షనే కాదు, స్టాక్ (తాత్కాలిక విలువలు దాచుకునే మెమరీ) మొదలయ్యే అడ్రసు. తర్వాతి నాలుగు బైట్లలో ప్రోగ్రాం ఎక్కడ మొదలవ్వాలో ఉంటుంది. వీటిలో ఎస్‌టీఎం32 అయితే ఫైలు పైభాగంలో 04 రకం వరుస ఒకటి వచ్చి, అసలు అడ్రసు 0800 0000 దగ్గర మొదలవుతుందని చెబుతుంది. ఆ వరుసను లెక్కలోకి తీసుకోని పాత సాఫ్ట్‌వేర్ అడ్రసులన్నీ తప్పుగా చూపిస్తుంది.

ఒక్క బైటు పక్కకు జరిగితే

తెలుగులో ‘వాడిపోయింది’ అని కలిపి చదివితే పువ్వు వడలింది. ‘వాడి పోయింది’ అని విడదీస్తే కత్తి పదును పోయింది. అక్షరాలు అవే, విరుపు వేరు. మెషీన్ కోడ్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు. 8051లో ఒక ఇన్‌స్ట్రక్షన్ ఒక బైటు కావచ్చు, రెండు కావచ్చు, మూడు కావచ్చు. ఎక్కడ విరవాలన్నది ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్ని బట్టే తేలుతుంది.

75 90 02 22 అనే నాలుగు బైట్లు తీసుకుందాం. మొదటి బైటు నుంచి చదివితే 75 90 02 అంటే ‘90 అడ్రసులో, అంటే పోర్ట్ 1 అనే చిప్ కాళ్ల గుంపు మీద, 02 పెట్టు’. తర్వాతి 22 అంటే ‘వెనక్కి వెళ్లు’. పోర్టు మీద ఒక విలువ పెట్టి తిరిగొచ్చే చిన్న రొటీన్ (ఒక పని చేసే కోడ్ ముక్క), అర్థవంతంగా ఉంది. రెండో బైటు నుంచి మొదలుపెడితే 90 02 22 కలిసి ‘డీపీటీఆర్ అనే రిజిస్టర్‌లో (అడ్రసు దాచే చిప్ లోపలి చిన్న గదిలో) 0222 పెట్టు’ అవుతుంది. మూడో బైటు నుంచి చదివితే 02 22 తర్వాతి బైటును కూడా కలుపుకుని ‘22తో మొదలయ్యే అడ్రసుకు దూకు’ అవుతుంది. మూడూ వ్యాకరణం ప్రకారం తప్పు లేనివే. సాఫ్ట్‌వేర్ దేనికీ అభ్యంతరం చెప్పదు.

తప్పు పట్టుకోవడానికి బోర్డు సాయపడుతుంది. 8051 కుటుంబానికి చెందిన ఏటీ89ఎస్52 చిప్‌లో ఉన్నది 8 కేబీ మెమరీ, చివరి అడ్రసు 1ఎఫ్ఎఫ్ఎఫ్. బయట ప్రోగ్రాం మెమరీ చిప్ లేని బోర్డులో 22 వందల అడ్రసుకు దూకమనే ఇన్‌స్ట్రక్షన్ కనిపించిందంటే, చదవడం ఎక్కడో గాడి తప్పిందన్నమాట.

ఇక్కడే సాఫ్ట్‌వేర్‌ల మధ్య తేడా బయటపడుతుంది. గ్నూ సంస్థ ఆబ్జ్‌డంప్ లాంటివి మొదటి నుంచి చివరిదాకా వరుసగా చదువుకుంటూ పోతాయి, నౌపడలో బయల్దేరిన ప్యాసింజరు గుణుపూర్ దాకా ప్రతి స్టేషన్‌లోనూ ఆగినట్టు. ఏ బైటూ వదలవు, కానీ మధ్యలో డేటా తగిలితే దాన్నీ కోడ్ అనుకుంటాయి. ఐడా, గిడ్రా అనే డిస్‌అసెంబ్లర్ల లాంటివి ప్రోగ్రాం నడిచే దారినే అనుసరిస్తాయి. జంప్ ఎటు పోతే అటు, కాల్ (రొటీన్‌ను పిలిచే ఆజ్ఞ) ఎటు పోతే అటు వెళ్లి, దారి తగలని బైట్లను ముట్టుకోవు. ఇది ఎక్కువ నమ్మకమైన పద్ధతి. అయితే చిప్ నడిచేటప్పుడు లెక్క వేసుకుని దూకే జంప్‌లు దీనికి అడ్డం వస్తాయి. 8051లో 73 అనే బైటు అలాంటిదే. గమ్యం రిజిస్టర్లలో ఉంటుంది, ఫైలులో ఉండదు. అలాంటిచోట గమ్యం ఏదో మనిషే తేల్చి సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి.

గిడ్రాను అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసింది. 8051, పిక్, ఏవీఆర్, ఆర్మ్ నాలుగూ దానికి తెలుసు. సీ భాషను పోలిన కోడ్ కూడా రాసి చూపిస్తుంది. ఆ సీ కోడ్‌ను అసలు ప్రోగ్రాం అనుకోవడం పొరపాటు. అది అసెంబ్లీని చూసి సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా. కొన్ని కేబీల 8051 ప్రోగ్రాంకు అంత పెద్ద సరంజామా అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్‌లో నడిచే చిన్న డిస్‌అసెంబ్లర్ సరిపోతుంది.

కోడ్ వేషంలో ఉన్న డేటా

8051లో 256 బైటు విలువలకు గాను 255 విలువలకు ఏదో ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఏ5 ఒక్కటే ఖాళీ. అందుకే ఏ బైట్లు పోసినా డిస్‌అసెంబ్లర్ వాటిని కోడ్‌గానే చూపిస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

బియ్యం మిల్లులో, జీడిపప్పు యూనిట్‌లో ఉండే కౌంటర్, ఉష్ణోగ్రత చూపించే బోర్డు, రెండింట్లోనూ ఏడు గీతల ఎల్ఈడీ అంకెలు ఉంటాయి. ఏ అంకెకు ఏ గీతలు వెలగాలో చెప్పే పట్టిక ప్రోగ్రాంలోనే ఉంటుంది. కామన్ కాథోడ్ డిస్‌ప్లేకు మామూలుగా వాడే వైరింగ్‌లో 1కి 06, 4కి 66, 7కి 07. డిస్‌అసెంబ్లర్ మాత్రం 06ను ‘ఆర్0 రిజిస్టర్ చూపించే చోట ఒకటి పెంచు’ అని, 66ను ఒక ఎక్స్‌ఓఆర్ లెక్క అని, 07ను ‘ఆర్1 చూపించే చోట ఒకటి పెంచు’ అని రాస్తుంది. చూడటానికి ఏదో గణితం జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి అక్కడ చిప్ ఎప్పటికీ అడుగుపెట్టదు, బైట్లను తీసుకుంటుంది, అంతే.

పట్టిక జాడ తీయడానికి మంచి దారి ఉంది. 8051 తన ప్రోగ్రాం మెమరీలోని పట్టికను చదవాలంటే ‘మూవ్‌సీ’ అనే ఇన్‌స్ట్రక్షన్ వాడాలి. ఎక్కువగా కనిపించేది 93 బైటుతో వచ్చేది. దానికి ముందు 90తో డీపీటీఆర్‌లో ఒక అడ్రసు పెడుతుంది. కాబట్టి 93 కనిపించిన చోటల్లా కొంచెం వెనక్కి వెళ్లి 90 వెతికితే పట్టిక అడ్రసు దొరుకుతుంది. ఆ అడ్రసును డేటాగా గుర్తించమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే కింద ఉన్న కోడ్ కూడా సర్దుకుంటుంది. పిక్16లో పట్టికలను తరచుగా ‘రెట్‌ఎల్‌డబ్ల్యూ’ (ఒక విలువతో వెనక్కి వెళ్లు) వరుసగా రాస్తారు. హెక్స్ ఫైలులో 06 34, 66 34 అని ప్రతి రెండో బైటూ 34గా కనిపిస్తే సాధారణంగా అది పట్టికే. ఎల్‌సీడీ మీద కనిపించే మాటలు కూడా పక్కనే ఆస్కీ (ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె) రూపంలో దొరుకుతాయి. ఏ సందేశాన్ని ఏ రొటీన్ పిలుస్తోందో చూస్తే ఆ రొటీన్ పనేమిటో సగం తెలిసినట్టే.

పేర్లు పోతాయి, బోర్డు మిగులుతుంది

సీలో రాసినప్పుడు ‘మోటార్ రిలే’, ‘డ్రై రన్ టైమ్’ అని ఉన్న పేర్లు కంపైలర్ (సీని మెషీన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) దగ్గరే ఆగిపోతాయి. హెక్స్‌లోకి చేరేది అడ్రసులు, విలువలు మాత్రమే. కామెంట్లు ఒక్క ముక్క కూడా రావు. ఏ సాఫ్ట్‌వేరూ వీటిని వెనక్కి తేలేదు, లేనిదాన్ని ఎలా తెస్తుంది?

రిపేరు చేసేవాళ్లకు బలం ఉన్నది సరిగ్గా ఇక్కడే. ‘పోర్ట్ 1లో సున్నా బిట్‌ను మార్చు’ అని అసెంబ్లీలో కనిపిస్తే కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు అది ఒక బిట్ మాత్రమే. మల్టీమీటర్‌తో 40 కాళ్ల చిప్‌లో ఒకటో కాలు నుంచి రెసిస్టరు, ట్రాన్సిస్టరు, రిలే దాకా దారి పట్టుకున్నవాళ్లకు అది మోటారు. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది సాఫ్ట్‌వేర్‌తో కాదు. ఒక తెల్లకాగితం మీద చిప్ కాళ్లు గీసి, ఏ కాలు ఎక్కడికి పోతోందో రాసుకోవాలి. అసెంబ్లీలో పోర్టు పేర్ల పక్కన ఆ మాటలు చేరిస్తే పోయిన పేర్లు ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. తెలుగులో రాసుకున్నా నష్టం లేదు. సరిహద్దు ఊళ్లలో బడి చదువు ఒడియాలో, డేటాషీటు ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. ఆలోచన ఏ భాషలో తొందరగా నడిస్తే ఆ భాషలోనే కామెంట్ ఉండాలి. అసెంబ్లీని తిరిగి హెక్స్‌గా మార్చే అసెంబ్లర్ దాన్ని ఎలాగూ పట్టించుకోదు, ఫైలును యూనికోడ్‌లో చదవలేని పాత అసెంబ్లర్ అయితే విడి నోట్‌బుక్ వాడుకోవచ్చు.

కాలం లెక్కకు క్రిస్టల్ (చిప్ వేగాన్ని నిర్ణయించే భాగం) కావాలి. అసెంబ్లీలో టైమర్‌కు 15536 విలువ పెట్టినట్టు తేలిందనుకుందాం. అక్కడి నుంచి 65536 దాకా 50,000 అడుగులు. మామూలు 8051లో 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే ఒక్కో అడుగు ఒక మైక్రోసెకను, మొత్తం 50 మిల్లీసెకన్లు. ఇలా 20 సార్లు లెక్కపెడితే సరిగ్గా ఒక సెకను. బోర్డు మీద 11.0592 క్రిస్టల్ ఉంటే అదే కోడ్‌కు ఆ ‘సెకను’ దాదాపు 1.085 సెకన్లవుతుంది. ఫైలు రెండింటికీ ఒకటే, జవాబు మాత్రం క్రిస్టల్ డబ్బా మీద అచ్చయిన అంకెలో ఉంది.

ఒక విలువ మార్చాలంటే

మోటారు ఆగాక మళ్లీ మొదలవడానికి 20 సెకన్లు ఆగుతోంది, వోల్టేజి కుదురుకోవడానికి 40 సెకన్లు కావాలి అనుకుందాం. అసెంబ్లీ చదివితే, 30 అనే మెమరీ అడ్రసులో ఆ సెకన్లు పెడుతున్న ఇన్‌స్ట్రక్షన్ 0605 దగ్గర దొరికింది. 20 అంటే హెక్స్‌లో 14, 40 అంటే 28. ఆ వరుస ఇలా మారుతుంది:

:0306050075301439
:0306050075302825

డేటా 14 హెక్స్ పెరిగింది, అందుకే చెక్‌సమ్ అంతే తగ్గి 39 నుంచి 25 అయింది. చెక్‌సమ్ మార్చడం మరిచిపోతే చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైలును తిరస్కరించొచ్చు.

విలువ మార్చడానికి ఇంత తక్కువ శ్రమ చాలు, ఎందుకంటే బైట్ల సంఖ్య మారలేదు. మధ్యలో కొత్త ఇన్‌స్ట్రక్షన్ చొప్పించడం వేరే పని. కింద ఉన్నదంతా జరుగుతుంది, జంప్‌లు, పట్టికల అడ్రసులు అన్నీ మారాలి. అలాంటప్పుడు మొత్తం అసెంబ్లీని లేబుళ్లతో (అడ్రసుల బదులు పేర్లతో) శుభ్రంగా రాసుకుని మళ్లీ అసెంబుల్ చేయక తప్పదు.

లాక్ వేసిన చిప్

పెన్‌డ్రైవ్‌లో ఫైలు లేనప్పుడు చిప్ నుంచే చదవాలన్న ఆలోచన వస్తుంది. ఏటీ89ఎస్52లో మూడు లాక్ బిట్లు ఉన్నాయి. తయారీదారు వాటిని బిగిస్తే లోపలి ప్రోగ్రాం బయటికి రాదు. పిక్, ఏవీఆర్, ఎస్‌టీఎం32లలో కూడా ఇలాంటి రక్షణ ఉంది. చిప్‌ను పూర్తిగా చెరిపితే లాక్ సాధారణంగా పోతుంది, కానీ ప్రోగ్రాం కూడా దానితోపాటే పోతుంది.

లాక్ అయిన లేదా ఖాళీ చిప్‌ను చదివితే ఒకే విలువ వరుసగా రావచ్చు. దాన్ని డిస్‌అసెంబ్లర్‌లో వేసినా ‘కోడ్’ వస్తుంది. 8051లో అన్నీ 00 అయితే ‘నాప్’ (ఏమీ చేయకు) వరుస, అన్నీ ఎఫ్ఎఫ్ అయితే ‘మూవ్ ఆర్7, ఏ’ వేల సార్లు. అలాంటి జాబితా చూసి వింత ప్రోగ్రాం అనుకోనక్కర్లేదు. అక్కడ ప్రోగ్రామే చేతికి రాలేదు.

చట్టం గీసిన గీత

హెక్స్ ఫైలులో ఉన్న ప్రోగ్రాం కూడా 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. అదే చట్టంలోని 52వ సెక్షన్, ప్రోగ్రాంను న్యాయంగా సంపాదించుకున్నవారికి కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది: దాని పనితీరును గమనించి అందులోని సూత్రాలు అర్థం చేసుకోవడం, వేరే ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మరోలా దొరకనప్పుడు రాబట్టడం, సొంత అవసరానికి లాభాపేక్ష లేకుండా కాపీ చేసుకోవడం లాంటివి, వాటి వాటి షరతులకు లోబడి. సొంత బోర్డును బాగుచేసుకోవడానికి చదవడం ఒక సంగతి. ఇంకొకరి ప్రోగ్రాంను పదిమందికి అమ్మడం పూర్తిగా వేరే సంగతి.

తూకం యంత్రాల విషయంలో మాత్రం ఎవరూ చొరవ చూపకూడదు. వాటికి 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం తనిఖీ, ముద్ర ఉంటాయి. లోపలి విలువలు మార్చడం శిక్షకు దారితీసే నేరం. ధాన్యం అమ్ముకునే రైతుకు జరిగే నష్టం సరేసరి.

సరిచూసుకునే దారి

రాబట్టిన అసెంబ్లీ సరైనదా అని తేల్చుకోవడానికి ఒక గట్టి పరీక్ష ఉంది. ఏమీ మార్చకుండా దాన్ని మళ్లీ అసెంబుల్ చేసి, వచ్చిన హెక్స్‌ను పాతదానితో పోల్చాలి. వరుసల పొడవు తేడాగా ఉన్నా పర్వాలేదు, ప్రతి అడ్రసులో ఉన్న బైటు మాత్రం ఒకటే కావాలి. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ చోటికి వెళ్లి చూడాలి. అసెంబ్లర్ రెండు బైట్ల జంప్ బదులు మూడు బైట్లది వాడి ఉండొచ్చు, లేదా పట్టికలో ఒక బైటు జారిపోయి ఉండొచ్చు. ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన అర్థం సరిగ్గా పట్టుకున్నట్టు కాదు, కానీ ఏదీ పోలేదని మాత్రం తెలుస్తుంది.

ఆ తర్వాతే మార్పు చేయాలి, అదీ కొత్త చిప్ మీద. ఏటీ89ఎస్52ను తయారీదారు కొత్త డేటాషీటు ప్రకారం పదివేల సార్లు చెరిపి రాయొచ్చు కాబట్టి ప్రయోగాలకు ఒకే చిప్ చాలు. మొదట మోటారు తగిలించకుండా రిలే దగ్గర ఒక బల్బు పెట్టి, కరెంటు పోయి వచ్చినప్పుడు, వోల్టేజి తగ్గినప్పుడు బోర్డు ఏం చేస్తోందో గడియారం పెట్టుకుని చూడాలి. అసలు చిప్‌ను కాళ్లు వంగకుండా తీసి, చిన్న కవరులో వేసి, తేదీ రాసి, హెక్స్ కాపీతో పాటు స్టార్టర్ డబ్బా లోపలే అతికించి ఉంచితే, రేపు ఆ డబ్బా తెరిచే మనిషికి ఈ వెతుకులాట మొదటి నుంచి చేయాల్సిన పని ఉండదు.